బొమ్మకు ఊపిరి పోయుట



కొండపల్లి బొమ్మల నెఱుగనివారు మీలో నుండరు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండితో అతుకులు వేసి, రంగులు పూసి, ఏనుగు అంబారీని, తాటిచెట్టెక్కు గీతకార్మికుని, దశావతారములను మన శిల్పులు ముచ్చటగా దించెదరు. అవి సంక్రాంతికి కొలువు తీర్చుకొనుటకును, కన్నుల పండువుగా చూచుకొనుటకును ఏర్పడినవి. నేనీదినము మీకు చెప్పబోవునది మఱియొక తెగ బొమ్మను గూర్చి. అది అందమునకు చేసినది కాదు. దానికి తలయు, మెడయు, ఛాతియు గలవు. నోరు తెఱచి చూచినచో నాలుకయు, దాని వెనుక గొంతుకయు, గొంతుకనుండి రెండు దారులును గలవు. సరియైన దారిని గాలి పోసినచో ఛాతి లేచును. తప్పుదారిని పోసినచో పొట్ట ఉబ్బును. ప్రాణాపాయమున నున్న మనిషికి ఊపిరి నిలుపు విద్యను ఈ బొమ్మపై నేర్తురు. మానికిన్ అని దీనిని వైద్యులు పిలుతురు.

గత వేసవిలో మా మండల కేంద్రమునందలి ఉన్నత పాఠశాల వరండాలో అట్టి బొమ్మలు రెండింటిని బల్లలపై పరుండబెట్టి, ప్రాథమికారోగ్య కేంద్రముల నర్సులకును, 108 బండ్లలో పనిచేయువారికిని, ఆశా కార్యకర్తలకును శిక్షణ యిచ్చిరి. మత్తుమందు వైద్యమున ఆరితేరిన డాక్టరుగారొకరు విజయవాడ నుండి వచ్చి నేర్పిరి. గ్రామములలోని పెద్దలనుగూడ రమ్మనిరి గావున నేనును పోయితిని. వరండా యెదుట కూరలమ్ము ముసలమ్మ యొకతె లోపలికి తొంగిచూచి, "అయ్యో, ఎవరి బిడ్డో! ఏమయిందయ్యా మాష్టారూ?" అని కొంగు కన్నుల కద్దుకొన్నది. "బొమ్మ మామ్మా, మనిషి కాదు" అని నేను చెప్పినను నమ్మక, దగ్గఱకు వచ్చి బొమ్మ బుగ్గను తాకి చూచి, అప్పుడు గాని నవ్వలేదు.

నేను వినోదమునకు పోలేదు. పోవుటకు కారణ మొకటి యున్నది. అది చెప్పక ముందునకు సాగుట న్యాయము కాదు.

1991 వర్షాకాలమున నేను దివిసీమలో నొక పల్లెబడిలో పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడొకడు, అమరకోశము నోటికి వచ్చినవాడు, ఒకనాటి రాత్రి నేలపై చాపవేసికొని పరుండెను. తెల్లవాఱుజామున కడుపు నొప్పి యని లేచెను. అజీర్తి యనుకొని వాము నమలించిరి. కొంతసేపటికి కనుఱెప్పలు ఎత్తలేకున్నానని చెప్పెను, మాట ముద్దముద్దగ వచ్చుచుండెను, ఉమ్మి మ్రింగలేకపోయెను. అప్పుడెవరో చాప దులిపి చూడగా కట్లపాము కనబడెను. కట్లపాము కాటునకు వాపు ఉండదు, మంట ఉండదు. ఒక్కొక్కప్పుడు కాటు గుఱుతుగూడ కానరాదు. మంత్రము వేయించుటకు కొంత కాలము పోయినది. తరువాత ట్రాక్టరు తొట్టిలో వరిగడ్డి పఱచి, పిల్లవానిని పరుండబెట్టుకొని పట్టణమునకు బయలుదేఱితిమి. వాని తల నా తొడపై నున్నది. బాటలో నడుమ వాడు గుఱక పెట్టసాగెను. "నిద్రపట్టినది, మంచిదే" అని యెవరో అనిరి. నేనును మంచిదే యనుకొంటిని. కొంత దూరము పోవువఱకు గుఱక ఆగినది. మేము మఱింత సంతోషించితిమి. నా వ్రేళ్లు వాని మణికట్టుపై నున్నవి. నాడి ఆడుచునే యున్నది. అది ఆడినంతసేపును నేను ధైర్యముగ నుంటిని. ఆసుపత్రి చేరునప్పటికి అదియు ఆగినది.

ఇన్నియేండ్ల తరువాత ఆ వరండాలో డాక్టరుగారు బొమ్మ తలను వెల్లకిల నుంచి ఇట్లు చెప్పిరి: "తెలివి తప్పినవానికి దవడ సడలి, నాలుక వెనుకకు జాఱి, గాలిదారిని సగము మూయును. అప్పుడు గుఱక వినబడును. పూర్తిగ మూసినచో గుఱక ఉండదు. గుఱక ఆగినదని సంతోషింపరాదు. నుదుటిపై నొక చేయి వేసి, గడ్డము క్రింద రెండు వ్రేళ్లుంచి, తలను వెనుకకు వంచి గడ్డమును పైకెత్తినచో నాలుక లేచి దారి తెఱచుకొనును." ఇంతే. దీనికి యంత్రము వలదు, మందు వలదు, డబ్బు వలదు. నా తొడపైనున్న తలను నేను రెండంగుళములు వెనుకకు వంచియుండిన, ఊపిరి పూర్తిగ ఆగిన పిమ్మట నోటితో ఊపిరి యిచ్చియుండిన, ఏమగునో దైవమునకు దెలియును. నేర్పువారు లేరు, నేర్చుకొనవలెనని మాకు తోచనులేదు.

ఇక గాలిదారి సంగతి కొంచెము వివరించెదను. మన గొంతుకలో రెండు గొట్టములు కలవు. ముందున్నది ఊపిరితిత్తులకు పోవునది, వెనుకనున్నది కడుపునకు పోవునది. ముందుదానిపై ఆకు వంటి చిన్న మూత కలదు. మ్రింగునప్పుడది మూసికొనును. మాటలాడుచు నీళ్లు త్రాగునప్పుడు ఆ మూత తడబడిన పొలమారును. ఎవరో తలచుకొనుచున్నారని మనము నెత్తిపై తట్టుదుము. తలచుకొనువా రెవరైనను, పొలమారుట దేహము తన్ను తాను కాపాడుకొను ఉపాయము. తెలివి తప్పినవానికి ఆ ఉపాయము పనిచేయదు. వాంతి పైకి వచ్చినచో దగ్గు రాదు. తిన్నగ ఊపిరితిత్తులలో దిగును. కనుక ఇట్టివానికి రెండు పనులు కావలెను: దారి తెఱచి యుంచుట, ఆ దారిని గాలి పంపుట. ఈ రెండింటికిని వైద్యులు కాలక్రమమున అనేక సాధనములు కనిపెట్టిరి. వానిలో నేది మేలు, ఎవరి చేతికి ఏది తగును అను ప్రశ్నకు సమాధానమును మనుష్యులపై ప్రయోగించి వెదకుట పాపము గదా! అందుచేత ముందు బొమ్మపై పరీక్షింతురు.

బొమ్మపై నేర్చుట పాశ్చాత్యుల క్రొత్త కల్పన యని తలపవలదు. సుశ్రుత సంహితలో సూత్రస్థానమునందు తొమ్మిదవ అధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనగా చేతి అభ్యాసము. కోయుటను గుమ్మడి, దోస, పుచ్చ మున్నగు కాయలపై నేర్వవలెననియు, సిరను గ్రుచ్చుటను తామరతూడులపై నేర్వవలెననియు, కుట్టుటను దళసరి గుడ్డపైనను మెత్తని తోలుపైనను నేర్వవలెననియు, కట్లు కట్టుటను పుస్తమయ పురుషునిపై, అనగా మనుష్యాకృతిగ చేసిన బొమ్మపై నేర్వవలెననియు అందు విధించినారు. శాస్త్రము లెన్ని చదివినను యోగ్య చేయనివాడు కర్మమునకు అయోగ్యుడని సుశ్రుతుని మతము. నేను విద్యార్థిదశలో ఈ యధ్యాయమును వ్యాకరణదృష్టితో చదివి, పుస్తమయ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పి, గురువుగారిచే మెప్పు పొందితిని. ఆ బొమ్మను చేసి యొకనికి కట్టు కట్టుట నేర్పుదమని గురువుగారికిని తోచలేదు, నాకును తోచలేదు.

నేటి ఊపిరిబొమ్మ పుట్టినది నార్వే దేశమున. స్టావాంగర్ పట్టణమునందు ఆస్మండ్ లేర్డాల్ అను ఆటబొమ్మల వర్తకుడుండెను. ఆతని రెండేండ్ల కుమారుడు నీట మునిగి ఊపిరాడని స్థితిలో నుండగా తండ్రియే పైకి తీసి బ్రతికించుకొనెనట. అటుపిమ్మట, నోటితో నోటికి ఊపిరి యిచ్చు పద్ధతి మేలని అమెరికాలో పీటర్ సఫార్ మొదలగు వైద్యులు 1950 తరువాతి యేండ్లలో నిరూపించి, దానిని జనులకు నేర్పుట కొక బొమ్మ కావలెనని కోరగా, లేర్డాల్ తన మెత్తని ప్లాస్టికు విద్యను వినియోగించి 1960లో ఆ బొమ్మను సిద్ధముచేసెను. పారిసు నగరపు సేన్ నదిలో తేలిన ఒక అనామక యువతి మొగమునకు అచ్చుతీసిన ముసుగును చూచి బొమ్మకు మొగము దిద్దిరని చెప్పుదురు. ఆ ముసుగు నిజముగ మృతురాలిదేనా యను సందేహము గలదు గాని, బొమ్మ ముఖమున నుండు ప్రశాంతతకు మూలము అదియే. మా కూరలమ్మ కంట నీరు తెప్పించినదియు ఆ ముఖమే.

ఇక సాధనములకు వత్తము. డాక్టరుగారు నన్ను చూచి, "మాష్టారూ, మీరు గడియారము పట్టుకొని లెక్క చెప్పండి" అనిరి. పరీక్షహాలులో గంట కొట్టిన చేయి గదా, సంతోషముగ నొప్పుకొంటిని.

మొదటిది మిక్కిలి చిన్నది. కొడవలి వంక వలె వంగిన గట్టి ప్లాస్టికు ముక్క. ఆర్థర్ గ్యూడెల్ అను అమెరికా వైద్యుడు 1933లో ప్రకటించినది గాన గ్యూడెల్ ఎయిర్‌వే అందురు. నోటి మూలనుండి దవడ మూల వఱకు కొలిచి తగిన పరిమాణము నేరుకొని నోటిలో నుంచినచో నాలుక వెనుకకు జాఱదు. తెలివి యున్నవానికి దీనిని పెట్టరాదు. ఓకరించి వాంతి చేసికొనును. ఇది దారి తెఱచునే గాని గాలి పంపజాలదు.

గాలి పంపునది అంబూ సంచి. నొక్కిన గాలి పోవును, విడిచిన తనంతట తాను ఉబ్బి గాలి నింపుకొనును. డెన్మార్కు దేశమున హెన్నింగ్ రూబెన్ అను వైద్యుడును హోల్గర్ హెస్సె అను ఇంజనీరును 1956లో దీనిని రూపొందించిరి. దీని వెనుక నొక కథ గలదు. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో వ్యాధి విజృంభించి, రోగుల ఊపిరి కండరములు చచ్చుబడినవి. యంత్రములు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుని సలహాచేత వేయికిపైగా విద్యార్థులు వంతులు వేసికొని, రాత్రింబవళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి, రబ్బరు సంచులను చేతితో నొక్కి నొక్కి ఊపిరి నిలిపిరి. ఒక్కొక్క రోగికి ఇట్లు వారములు గడచినవి. చేతితో నొక్కు సంచి మనిషిని దినములకొలది బ్రతికించునని లోకమునకు తెలిసినది అప్పుడే. మన కట్లపాము కాటునకు ఇది యెట్లు సంబంధించునో తరువాత చెప్పెదను.

సంచి చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ముసుగును మొగముపై అదిమి పట్టుటయే దానిలోని రహస్యము. ఒక్క నర్సు ఒక చేత ముసుగు పట్టి, ఒక చేత సంచి నొక్కగా, గాలి బుగ్గ ప్రక్కగ బుస్సుమని పోయినది; బొమ్మ ఛాతి కదలలేదు. ఇద్దఱు కలసి, ఒకరు రెండు చేతులతో ముసుగు పట్టి దవడ నెత్తగా, రెండవవారు నొక్కినప్పుడు ఛాతి చక్కగ లేచినది. ఒక ఊపిరికి ఒక సెకను, ఆఱు సెకనులకు ఒక ఊపిరి. భయముచేత వేగముగ నొక్కినచో గాలి కడుపులోనికి పోయి వాంతి తెచ్చును. నేను లెక్క చెప్పుచుండగ నొక కుఱ్ఱవాడు నిమిషమునకు ముప్పదిమాఱులు నొక్కెను. "నాయనా, కొలిమితిత్తి కాదు" అని డాక్టరుగారు వాని చేయి పట్టుకొనిరి.

మూడవది శ్వాసనాళములోనికే దింపు గొట్టము. ఇది అన్నిటికంటె పెద్ద విద్య. ఎడమచేత లారింగోస్కోపు అను దీపపు పనిముట్టును నోటిలో నుంచి, నాలుకను ప్రక్కకు నెట్టి పైకెత్తి, స్వరతంత్రులను కంటితో చూచి, కుడిచేత గొట్టమును వాని నడుమనుండి దింపి, గొట్టము చుట్టునున్న చిన్న బుడగను ఉబ్బించి, కదలకుండ కట్టవలెను. సరిగ్గ కుదిరినచో దీనికి సాటి లేదు. వాంతి వచ్చినను ఊపిరితిత్తులలోనికి పోవుట చాలవఱకు తప్పును. కుదరకున్నచో? గొట్టము వెనుకదారిని కడుపులోనికి పోవును. చూచువాడు సరిగ్గ ఉన్నదనుకొని గాలి కొట్టుచునే యుండును. రోగికి ఊపిరి అందదు. అందుచేతనే గొట్టము దింపిన వెంటనే స్టెతస్కోపుతో వినుటయు, వదలు గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలుచు యంత్రముతో చూచుటయు నియమములైనవి. ఆనాడు మొదట యత్నించిన ఇద్దఱి చేతను గొట్టము తప్పుదారి పట్టి బొమ్మ పొట్ట ఉబ్బినది. మూడవవాడు కృతకృత్యు డయ్యెను గాని, అప్పటికి నా గడియారము ముల్లు నిమిషము చుట్టి ముందునకు పోయినది. "ఈ నిమిషము రోగి ఊపిరి లేక యున్నాడు" అని డాక్టరుగారు మెల్లగ ననిరి. ఆ కుఱ్ఱవాని మొగము వెలవెలబోయినది.

నాలుగవ జాతి సాధనములు గొంతుక లోపలికి పోక, గాలిదారి వాకిటనే కూర్చుండునవి. లండనులో ఆర్చీ బ్రెయిన్ అను మత్తువైద్యుడు 1981లో మొదట రోగిపై వాడిన లారింజియల్ మాస్కు వీనికి పెద్దన్న. గొట్టము చివర దోనె వంటి చిన్న ముసుగుండును. నోటిలోనుండి జాఱవిడిచి బుడగను ఉబ్బించినచో అది గాలిదారి నోటిపై మూతవలె కూర్చుండును. ఇదే వంశమున 2007లో ఐ-జెల్ అనునది వచ్చినది. దీనికి బుడగ లేదు. మెత్తని జిగురువంటి పదార్థముతో చేసినది. గొంతుక ఆకారమునకు తానే ఒదుగును. ముప్పది నుండి అఱువది కిలోల మనిషికి 3వ నంబరు, ఏబది నుండి తొంబది వఱకు 4వ నంబరు, ఆపైన 5వ నంబరు. కొంచెము జెల్లీ పూసి, అంగిటి వెంబడి అడ్డు తగులువఱకు త్రోయుటయే పని. నేను ఇరువది లెక్కించులోపల ఆశా కార్యకర్త యొకామె, గొట్టముల మొగ మెన్నడు చూడనిది, దానిని కూర్చుండబెట్టి సంచి తగిలించి బొమ్మ ఛాతిని లేపినది. అందఱును చప్పట్లు కొట్టిరి. ఆమె సిగ్గుపడి బల్లనుండి వెనుకకు పోయినది.

మన డెల్టావారికి ఈ భేదము కాలువల భాషలో చెప్పిన సుబోధమగును. శ్వాసనాళపు గొట్టము బోదెలోనికే పైపు దింపి చుట్టు మట్టి కప్పుట వంటిది. చుక్క వృథాపోదు, బయటి మురుగు లోనికి రాదు. కాని పైపు ప్రక్కపొలములోనికి దిగినచో మన చేను ఎండును. మాస్కు తూము వాకిట తలుపు పెట్టుట వంటిది. వేగముగ నగును, కొంత నీరు కాఱిన కాఱవచ్చును. ముసుగు పట్టి సంచి నొక్కుట చేటతో ఎత్తి పోయుట వంటిది. చేయి గలవానికి పనికి లోటు లేదు, చేయి జాఱిన నేలపాలు.

పెక్కు దేశముల శిక్షణాలయములలో ఇట్టి పోటీలు బొమ్మలపై నడపిరి. అనుభవము లేనివారి చేతిలో గొట్టముకంటె మాస్కు జాతి సాధనములు, అందును బుడగ ఉబ్బింప నక్కఱలేని ఐ-జెల్, త్వరగ కుదురునని తఱచుగ తేలినది. మా వరండాలో నేను చూచినదియు నదియే. కాని ఇచ్చట నొక మాట. నేను తర్కము చదివినవాడను. దృష్టాంతమును దార్ష్టాంతికముతో నొకటిచేయుట దోషమని నాకు నేర్పిరి. బొమ్మకు ఉమ్మి ఊరదు, వాంతి కాదు, రక్తము కాఱదు. దాని మెడ అందఱకు నొకటే; మన ఊరిలో పొట్టిమెడవారును, పండ్లు ఊడినవారును, కిళ్లీ నోట కుక్కుకొని పడిపోయినవారును గలరు. కాలువనుండి తీసినవాని నోట బురదయు నాచును నుండును. వరండాలో వెలుతు రున్నది. చీకటిలో, వానలో, కాలువగట్టుపై, చుట్టును ఏడ్చుచున్న జనము నడుమ ఆ చేయి అట్లే ఆడునా? అన్నింటికంటె ముఖ్యము, బొమ్మ చావదు.

అందుచేత వైద్యులు బొమ్మతో నాగలేదు. 2018లో రెండు పెద్ద పరిశీలనల ఫలితములు ప్రకటితములైనవి. ఇంగ్లండు దేశమున గుండె ఆగి పడిపోయిన 9,296 మందిలో కొందఱికి అంబులెన్సువారు ఐ-జెల్ పెట్టిరి, కొందఱికి శ్వాసనాళపు గొట్టము దింపిరి. మంచిస్థితిలో కోలుకొన్నవారు ఐ-జెల్ పక్షమున నూటికి 6.4, గొట్టపు పక్షమున 6.8, అనగా చెప్పుకోదగిన తారతమ్యము లేదు. అమెరికాలో 3,004 మందిపై జరిగినదానిలో, గొంతుక వాకిటనే నిలుచు లారింజియల్ ట్యూబు అను సాధనము తొలుత సఫలమైనది నూటికి 90.3, శ్వాసనాళపు గొట్టము 51.6 మాత్రమే. మూడు దినములు దాటి బ్రతికినవారు మొదటి పక్షమున 18.3, రెండవ పక్షమున 15.4. బొమ్మపై కనబడిన పెద్ద వ్యత్యాసము మనుష్యుల ప్రాణములకు వచ్చునప్పటికి ఇంత చిన్నదగును. గుండె ఆగిన పిమ్మట బండి వచ్చువఱకు గడచిన నిమిషములే అచట చాల సంగతి తేల్చివేయును గదా.

అయినను ఆ లెక్కలు గుండె ఆగినవారివి. మన కట్లపాము కాటునకు గుఱియైనవాని గుండె గట్టిదే; ఊపిరి కండరములే పడిపోయినవి. నాగుపాము కాటునందును అట్లే. ఊపిరి ఎవరైన నిలిపినచో గుండె తనపని తాను చేసికొనును. కట్లపాము విషము నరముల కొనలను పట్టినపిమ్మట విరుగుడు సూది వేసినను కండరములు వెంటనే లేవవు. కొన్ని దినములు యంత్రముతోనో చేతిసంచితోనో ఊపిరి పోయవలసి యుండును. పోసినచో తిరిగి లేచి నడచిపోవును. కోపెన్‌హాగెన్ విద్యార్థుల కథ నేను చెప్పినది ఇందులకే. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు మిక్కుటముకాగా, ఆగష్టు నెలలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని ప్రభుత్వపక్షమున సర్పశాంతి హోమము జరిగినది. హోమమును నేను కాదనను; నేనును ఆ స్వామి భక్తుడనే. కాని హోమగుండము ప్రక్కన ఒక అంబూ సంచి యుండిన స్వామి కోపించునా?

కనుక పాము కఱచినచో బిగించి తాడు కట్టకుడు, కోయకుడు, నోట పీల్చకుడు. కఱచిన అవయవమును కదలనీయక 108కి ఫోను చేయుడు. ఈ సేవ 2005 ఆగష్టు 15న హైదరాబాదున మొదలైనది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిలులో వేయికిపైగా 108, 104 బండ్లను ఒక్కనాడే బయలుదేఱదీసిరి. బండి వచ్చులోపల కనుఱెప్పలు వాలినను, మాట తడబడినను గమనించి చెప్పుడు. తెలివి తప్పి ఊపిరి సాగుచున్నవానిని ప్రక్కకు ఒత్తిగిల్లజేయుడు. ఊపిరి ఆగినచో తల వెనుకకు వంచి నోటితోనైన ఊపిరి యిండు.

నీట మునిగినవానికిని ముఖ్యము ఊపిరియే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము ఫెర్రీ దగ్గఱ పవిత్ర సంగమమున పడవ మునిగి ఇరువదిమందికిపైగా పోయినది మీకు జ్ఞాపకమే. పెద్ద ప్రమాదములు పత్రికల కెక్కును. బందరు కాలువలో, ఏలూరు కాలువలో, ఊరి చెఱువులో ఒక్కొక్కరుగ పోవువారిని ఇంటివారే తలచుకొందురు. మునిగినవానిని తలక్రిందులుగ వ్రేలాడదీయుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పూర్వాచారము. దానివలన కాలము పోవుటయేగాక వాంతి ఊపిరితిత్తులలో దిగును. తల వంచి, రెండు మొదలు ఐదు వఱకు ఊపిరులిచ్చి, చలనము లేకున్నచో ఛాతి నడుమ ముప్పదిమాఱులు నొక్కి రెండు ఊపిరులు, మరల ముప్పది, మరల రెండు. నిమిషమునకు నూఱునుండి నూట ఇరువది నొక్కుడులు, లోతు రెండంగుళములు. అలసినచో మఱియొకరు అందుకొనవలెను.

ఏది మేలని నన్నడిగినచో నా యభిప్రాయము ఇది. ప్రతిదినము గొట్టము దింపు వైద్యునికి గొట్టము. ఏడాదికి ఒకటి రెండుమాఱులు మాత్రమే అవసరము పడు పల్లె నర్సునకును బండివానికిని సంచియు ఐ-జెల్లును. వరండాలో నాడు నేర్చినదియు నిలువదు. ఆఱునెలలలో చేయి మఱచునని డాక్టరుగారే చెప్పిరి. సంస్కృత రూపములు వల్లెవేయించిన నాకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు. మీ ఊరి ఆరోగ్య కేంద్రమునకు పోయినప్పుడు సంచి యెచటనున్నదని అడుగుడు. బీరువాలో తాళము వేసి యుంచినచో తాళపుచెవి యెవరియొద్ద నున్నదో అడుగుడు. పిల్లల ముసుగు ఉన్నదా, రబ్బరు చీలినదా చూడుడు. పెద్దవారు అడిగిన తప్పుపట్టరు.

సాయంకాల మందఱును టీ త్రాగుచుండగ నేను డాక్టరుగారిని "నేనొకమాఱు చేసి చూడవచ్చునా?" అని అడిగితిని. రండనిరి. మోకాళ్లు సహకరింపకున్నను బల్ల తలవైపున నిలిచి, బొమ్మ నుదుటిపై చేయి వేసితిని. గడ్డము క్రింద రెండు వ్రేళ్లుంచి తలను వెనుకకు వంచితిని. ఆశా కార్యకర్త వచ్చి ముసుగును రెండుచేతుల అదిమి పట్టినది. నేను సంచి నొక్కితిని. ఛాతి లేచినది. ఆఱు లెక్కించి మరల నొక్కితిని; మరల లేచినది. టీ చల్లారిపోవుచున్నదని వారు చెప్పువఱకు నేను నొక్కుచునే యుంటిని.